బండల మిద్దె కింద నన్ను కూర్చోబెట్టిన దేవుడు

“తప్పుకోమ్మా! మన్ను తోసేసి బండలు దించేస్తా, పొద్దు గూకేలోపల పని కావాల!” అని నా కొడుకు యాకోబు గోడకు నిచ్చెన ఆనించి గడ్డపార చేతపట్టుకొని నిలబడినాడు.

“ఆ గడ్డపార మొన నా మిద్దెకు తగిలిందంటే నేను నీకు తల్లిని కాను. దిగు కిందికి!” అని నేను నిచ్చెన కాలు పట్టుకొని గుంజినాను.

“పేటంతా దించుకుంటాండారు. అందరికీ లేని బుద్ధి నీ ఒక్కదానికే ఉండాదా?”

“దించుకోనీ. వాళ్ల ఇండ్లల్లో నెలలు నిండిన ఆడమనిషి ఉండాదా?”

“ఉండాది గాబట్టే దించుతాండా! భూమి అదిరితే పైనుంచి ఒక్క బండ చాలు, తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు.”

“ఆకాశం కింద కంటే బతుకుతారా? పోయిన కాన్పులో పిల్లోడు ఎట్ల పోయినాడో మరిచినావా? వాళ్ల పుట్టింటి కారే కొట్టంలో సలి తగిలి పోలేదా? చుక్క కారని ఇల్లు నాకు మీ నాయన ఇచ్చిపోయినాడు, దాన్ని కూల్చేదానికి నువ్వెవరు?”

అప్పుడు వాకిట్లో కూర్చున్న నా కోడలు సుగుణ, అంతవరకు నోరు మెదపని పిల్ల, నన్ను ఒక మాట అడిగింది. “అత్తా, ఆ బండల కింద ఏమీ కాదని చెప్తాండావు గదా, మరి నువ్వెందుకు లోపల పండుకోవు? నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి చూస్తాండా, ఒక్క రాత్రి గూడా నువ్వు ఆ మిద్దె కింద పండుకోలేదు.”

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఆ మాట వింటానే నిచ్చెన వదిలేసినాను. ఈ దీనమ్మను చూస్తే పేటలో మగవాళ్లు గూడా జంకుతారు, సంతలో కూరగాయల వాళ్లు నన్ను చూసి తక్కెడ సరిచేసుకుంటారు, అట్లాంటి దాన్ని నా కోడలి ముందర తలకాయ వంచుకొని నిలబడినాను. ఆ దినం ప్రభువు నా పట్ల చేసిన కార్యాన్ని ఈ పత్రికలో రాయమని మా సంఘంలోని చదువుకున్న పిల్లలు చాలాకాలంగా అడుగుతా ఉన్నారు. నేను మిషను బడిలో మూడో తరగతి దాకానే చదివినదాన్ని, తప్పులుంటే దిద్దుకోండి, కానీ అబద్ధం మాత్రం ఒక్కటీ రాయను, కాగితం ఊరికే ఖర్చు చేసే అలవాటూ నాకు లేదు.

మా పేట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఉంది. మా ఇండ్లన్నీ బండల మిద్దెలే. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా సన్నటి కొయ్య దంతెలు, దంతెల మీద బేతంచెర్ల నాపబండలు, వాటి మీద చౌడుమన్ను. ఎండాకాలం చల్లగా ఉంటుంది, వానకు చుక్క కారదు. ఒక్కో బండను ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాల. అట్లాంటి బండల కింద పుట్టి, బండల కింద పెండ్లి చేసుకొని, బండల కిందే కన్ను మూసేవాళ్లం, వాటిని చూసి మేము ఎన్నడూ భయపడలేదు.

దివిసీమలో ఉప్పెన వచ్చిన ఏడాది అది. ఆ వార్త విన్నప్పటి నుంచి మా పేటకు అన్నం సయించలేదు. ఒక్క రాత్రికి ఊర్లకు ఊర్లు కొట్టుకొని పోయినాయని, తల్లుల చేతుల్లో నుంచి పిల్లలను అల గుంజుకొని పోయిందని రేడియోలో చెప్తా ఉంటే మా ఆడవాళ్లు ఏడ్చినారు. మందిరంలో చందా పట్టి పాత గుడ్డలు, జొన్నలు మూటకట్టి నంద్యాలకు పంపించినాము. అంతవరకు బాగానే ఉంది! ఆ తర్వాత పట్టుకుంది మాకు భయం.

మా ఎదురింటి సవారన్న నంద్యాల బస్టాండులో విని వచ్చినాడు. సముద్రం అడుగున భూమి పగులుతాదంట, మొదట భూకంపం వస్తాదంట, దాని వెనకాలే ఇంకొక ఉప్పెన లేస్తాదంట, ఈ తడవ అది నల్లమల కొండలను తాకేదాకా నిలవదంట! ఎవరు చెప్పినారన్నా అంటే రేడియోలో చెప్పినారంట అంటాడు, నువ్వు విన్నావా అంటే విన్నవాన్ని చూసినా అంటాడు. ఒకరు శనివారం అన్నారు, ఒకరు అమావాస్య అన్నారు. మా బడి పంతులు పటం తెచ్చి సముద్రం యాడుంది, మనం యాడున్నాము అని వేలు పెట్టి చూపించినాడు. “దివిసీమ వాళ్లకు గూడా ఎవరో ఇట్లనే పటం చూపించింటారులే” అన్నాడు సవారన్న, దాంతో పంతులు పటం చుట్టుకొని పోయినాడు, మరునాటికి ఆయన గూడా పెండ్లాం బిడ్డలను బండి ఎక్కించి అహోబిలం కొండకు పంపినాడు.

సహోదరులారా, భయం పట్టిన మనుషులను నేను అప్పుడు చూసినాను! పెద్దరైతుల ఇండ్లల్లో అమ్మవారికి పొంగళ్లు పెట్టినారు, వాకిండ్లకు వేపమండలు కట్టినారు. సాయిబుల వీధిలో పొద్దస్తమానం దువా చేసినారు. గుడ్డు పెట్టే కోళ్లను గూడా కోసుకొని తిన్నారు, ఎట్లా పోయేదే గదా అని! అది చూసి నా కడుపు మండింది. ఎన్నడూ మందిరం గడప తొక్కనివాళ్లు వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు, ఇద్దరు ముగ్గురైతే ఈ వారమే బాప్తీస్మం ఇయ్యమని సంఘ పెద్దల మీద పడినారు. వాక్యంలో భూకంపాలు కలుగుతాయని రాసి ఉంది గదా, ఇదే ఆ దినం అని ఒకరు, కాదు ఇంకా గురుతులు కావాల అని ఒకరు, మందిరం ముందరే కొట్టుకోబోయినారు.

అప్పుడు ఎవరికి తట్టిందో ఏమో, సముద్రం వస్తే కొండ ఎక్కొచ్చు, కానీ భూమి అదిరితే ముందు మనల్ని చంపేది మన నెత్తి మీది బండలే గదా అన్నారు! ఆ మాట గడ్డివామిలో నిప్పు పడినట్టు పాకింది. సవారన్న మొదట దించినాడు. ఆ మరునాడు పేటంతా గడ్డపారల చప్పుడే. పైన మన్ను తోసి, బండలు తాళ్లతో దించి, వీధిలో గోడలకు నిలువుగా ఆనించినారు. దంతెల మీద జొన్నచొప్ప కప్పినారు. ఆఖరికి దేవుని మందిరం మీది బండలు గూడా దించేసినారు! ఆళ్లగడ్డ నుంచి పాదిరి అయ్యగారు నెలకు ఒక్క తడవ వచ్చేవారు, ఆయనను అడిగేవరకు ఆగినవాళ్లు ఎవరు? ఇక మిగిలింది నా మిద్దె ఒక్కటే.

నా కొడుకు చెడ్డవాడు కాదు. భార్య మీది ప్రేమతోనే గడ్డపార పట్టినాడు. సుగుణకు తల్లి లేదు, మొదటి బిడ్డ పోయిన దుఃఖం ఆ పిల్ల కండ్లల్లోనే ఉండేది, ఈ బిడ్డ అయినా దక్కకపోతే ఆ పిల్ల బతకదని నాకూ తెలుసు. బాలింతకు గాలి తగలకూడదు, తడి తగలకూడదు, తలుపు మూసి నిప్పుల కుంపటి పెట్టి కాపాడుకోవాల, దానికి నీళ్లు దిగని పైకప్పు కావాల. అందుకే నేను మిద్దె వదలలేదు. బండలు దించేటప్పుడు సగానికి సగం పగులుతాయి, మళ్లీ కొనేది ఎవరని గూడా అనుకున్నాను, అది గూడా దాచను.

అయితే సుగుణ అడిగిన దానికి జవాబు ఇది. మా ఇంటాయన ఆ మిద్దె కోసమే పోయినాడు. ఎడ్లబండి కట్టుకొని బేతంచెర్లకు పోయి బండలు తెచ్చేవాడు. చివరి బండి ఇంటిముందు దించుతా ఉంటే బండలు ఒకదాని మీద ఒకటి జారినాయి. నేను లోపల జొన్నలు చెరుగుతా ఉన్నాను. ఆ చప్పుడు విన్నాను. మొదట గరగరమని, తర్వాత ఒక్క దెబ్బ, ఆ తర్వాత ఏమీ లేదు. నేను బయటికి వచ్చేసరికి ఆయన కాళ్లు మాత్రమే కనపడినాయి. దినాలు అయినాక సంఘం వాళ్లు దయతో ఆ బండలనే ఎత్తి నా మిద్దె పూర్తి చేసి ఇచ్చినారు. నేను వద్దనలేకపోయినాను. వద్దంటే నన్నూ పిల్లోన్నీ ఎవరు చూస్తారు?

అప్పటి నుంచి నేను లోపల పండుకుంటే ఆ బండలు నా మీదికి దిగుతున్నట్టు ఉండేది. ఊపిరి ఆడేది కాదు, ఒళ్లంతా చెమట. బర్రెను దొంగలు తోలుకొని పోతారని చెప్పి చాప తీసుకొని కొట్టంలోకి పోయినాను, ఆ తర్వాత ఏండ్ల తరబడి కొట్టంలోనే. దీనమ్మ ఎంత జాగ్రత్త కలిగిన మనిషి అని అందరూ మెచ్చుకున్నారు! ప్రార్థనలో గూడా దేవునికి ఈ సంగతి చెప్పలేదు, ఆయనకు తెలియదా అని ఊరుకున్నాను. భయం ఒక జబ్బు అని, దానికి గూడా వైద్యుడు ఉన్నాడని నాకు అప్పుడు తెలియదు, సహోదరులారా!

ఇప్పుడు ఆ ఘడియకు వస్తాను. కోడలు అట్లా అడిగినాక నేను నేరుగా లోపలికి పోయినాను. లోపలింట్లో నడిమధ్యన, దూలం కింద, బాసింపట్లు వేసుకొని కూర్చున్నాను. “ఇప్పుడు దించు నాయనా, నీ తల్లి నెత్తి మీద నుంచి దించు” అని కేక వేసినాను. నేను కింద ఉంటే వాడు గడ్డపార వేయలేడని నాకు తెలుసు. పంతం అది! పంతంతో కూర్చున్నాను గానీ, కూర్చున్న కొంచెం సేపటికే చేతులు వణకను మొదలుపెట్టినాయి. గోడలు దగ్గరికి వచ్చినట్టు అయింది. లేచి పారిపోదామంటే వాకిట్లో కొడుకు, కోడలు చూస్తా ఉన్నారు.

అప్పుడు నేను చేసిన ప్రార్థన ఇది, గొప్ప మాటలు ఏమీ లేవు: “యేసయ్యా, నేను లేచి పరిగెత్తేలాగా ఉన్నా. నన్ను ఈడనే కూర్చోబెట్టు. నా కోసం కాదు, ఆ పిల్ల కడుపులోని బిడ్డ కోసం. నువ్వు నన్ను కట్టేసినా సరే, నేను లేయకూడదు.”

భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ లేయలేదు. అంతలో సుగుణ పొట్ట పట్టుకొని మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. నా చేయి పట్టుకొని చూసింది, నా చేయి ఎంత చల్లగా ఉందో, ఎట్లా వణుకుతా ఉందో ఆ పిల్లకు తెలిసిపోయింది. “అత్తా, నీకూ భయమేనా?” అంది. “భయమే” అన్నాను. “అయితే నేనూ ఈడనే ఉంటా” అంది! నేను ధైర్యం చెప్పినప్పుడు రాని పిల్ల, నేను భయపడతా ఉన్నానని తెలిసినాక వచ్చి కూర్చుంది, ఇందులో దేవుని ఆలోచన ఏమిటో మీరే చూడండి. నా కొడుకు గడ్డపార గోడకు ఆనించి, “మీ ఇద్దరినీ ఆ దేవుడే చూసుకోవాల” అని నిచ్చెన తీసేసినాడు.

మధ్యాహ్నానికి సుగుణకు నొప్పులు మొదలైనాయి. మా మంత్రసాని కాశింబీకి కబురు పెట్టినాము. ఆమె వచ్చింది గానీ గడప దాటదు! “దీనమ్మా, పిల్లను బయటికి తీసుకరా, కొట్టంలో చేస్తా. ఆ బండల కిందికి నేను రాను, నాకు గూడా బిడ్డలుండారు” అని వాకిట్లోనే కొంగు బిగించి నిలబడింది. “నువ్వు పురుడు పోస్తావా, వాకిలికి కావిలి కాస్తావా?” అన్నాను. “ఈడనుంచే చెప్తా, నువ్వు చెయ్యి” అంటుంది! ఇట్లా మేము వాదులాడతా ఉంటే తూర్పు నుంచి మబ్బు పట్టింది. అది కాలం గాని కాలంలో వచ్చిన మబ్బు. దాన్ని చూసి పేటంతా కేకలు, సముద్రం వస్తాంది సముద్రం వస్తాంది అని! వచ్చింది సముద్రం కాదు, వాన. అట్లాంటి వాన నేను మళ్లీ చూడలేదు. కాశింబీ ఒక్క దుముకుతో లోపలికి వచ్చి పడింది. తడిసిన కొంగు పిండుకుంటా, “మీ దేవునికి చెప్పు దీనమ్మా, కాశింబీ గూడా వచ్చిందని. మా అల్లాకు నేను చెప్పుకుంటా” అని సుగుణ పక్కన కూర్చుంది. అంత నొప్పిలో గూడా సుగుణ నవ్వింది.

జొన్నచొప్ప ఆ వానకు ఎంతసేపు నిలుస్తుంది? బండలు దించిన ఇండ్లన్నీ చెరువులైనాయి. పేటలో వాళ్లు చాలామంది ఇండ్లల్లో ఉండక రెండు దినాలుగా వీధిలోనే, గోడలకు ఆనించిన బండల చాటున గోతాలు కట్టుకొని పండుకుంటా ఉన్నారు. వాన వాళ్లను ఆడ ఉండనియ్యలేదు, మందిరానికి పోదామంటే మందిరానికీ కప్పు లేదు! దీపాలు పెట్టే వేళకు మొదట సవారన్న వచ్చినాడు, నెత్తిన గోతాము, చంకన ఒక పిల్ల, వెనకాల పెండ్లాము.

“అక్కా, పిల్లోల్లు తడుస్తాండారు” అన్నాడు.

“ఏం సవారన్నా, సముద్రం తొందరగా వచ్చిందే!” అన్నాను.

“ఎగతాళి చెయ్యాకు అక్కా, లోపలికి రమ్మంటావా వద్దంటావా?”

“బండల ఇల్లు ఇది, చూసుకొని రా” అన్నాను. పైకి చూసినాడు, వానలోకి చూసినాడు, లోపలికి వచ్చినాడు. వాని వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ముందరింట్లో కాలు పెట్టేదానికి చోటు లేకుండా నిండిపోయినారు. లోపలింట్లో తలుపు దగ్గరికి వేసుకొని మేము ముగ్గురు ఆడవాళ్లం. సుగుణకు నొప్పులు గట్టిపడినాయి. కుంపటి ఆరిపోతా ఉందని, ఎండు కట్టెలు కావాలని కాశింబీ అరిచింది. తమ గోడవెంట, బండల వెనకాల కట్టెలు పొడిగా ఉన్నాయని సవారన్న చెప్తే నా కొడుకు వానలోకి పోయినాడు.

వాడు పోయిన కాసేపటికి ఆ చప్పుడు వచ్చింది.

మొదట గరగరమని. తర్వాత ఒక్క దెబ్బ! నేల అదిరింది, అటక మీది చట్టి కింద పడి పగిలింది. ముందరింట్లో అందరూ ఒక్కసారిగా “భూకంపం! భూకంపం!” అని పెడబొబ్బలు పెట్టి పిల్లలను ఈడ్చుకొని వానలోకి పరిగెత్తినారు. కాశింబీ గూడా లేచి పరిగెత్తింది! దీపం ఆరింది.

సహోదరులారా, అది భూకంపం కాదని ఆ పేట మొత్తంలో తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. ఆ చప్పుడు నాకు తెలుసు. నా పెనిమిటిని తీసుకొని పోయిన చప్పుడు అది. గోడకు ఆనించిన బండలు, కింద మన్ను వానకు నాని, జారినాయి. నా కొడుకు ఆడికే పోయినాడు!

లేయబోయినాను. సుగుణ నా మణికట్టు పట్టుకుంది, రెండు చేతులతో పట్టుకుంది, గోళ్లు దిగినాయి. “అత్తా, పోవాకు” అంది. బిడ్డ తల నా చేతికి తగిలింది. ఇప్పుడు నేను లేచిపోతే ఈ చీకట్లో ఆ బిడ్డ నేల మీద పడుతుంది, పోకపోతే బయట నా కొడుకు. ఒక్కగానొక్క కొడుకు. వాళ్ల నాయన మాదిరి. చెప్పండి, ఏ తల్లి అయినా ఏం చేస్తుంది? నేను ఏడుస్తానే అరిచినాను, ప్రార్థన అనుకోండి, ఏమైనా అనుకోండి:

“ప్రభువా, ఒకన్ని తీసుకున్నావు, నేను నిన్ను ఏమీ అడగలేదు! ఇప్పుడు అడుగుతాండా! బయట ఉండేవాన్ని నేను చూడలేను, నువ్వే చూడు. లోపల ఉండేదాన్ని నేను చూస్తా. నా చేతులు రెండే, యేసయ్యా, నీ చేతులు పెట్టు!”

అని, కొడుకును ఆయనకు వదిలేసి, నేను ఆ పిల్ల దగ్గర కూర్చున్నాను. నెత్తి మీద ఆ బండలు ఉన్నాయనే సంగతి నాకు తట్టలేదు. చేతులు వణకలేదు. ఎవరో నా భుజాల మీద చేయి వేసి గట్టిగా కూర్చోబెట్టినట్టు ఉండింది. ఇంతకంటే నాకు చెప్పేదానికి మాటలు రావు. బిడ్డ నా చేతుల్లోకి వచ్చింది. కానీ ఏడవలేదు. ఒళ్లంతా జారుగా, వేడిగా, సద్దు లేకుండా. అంతలో వాకిలి దగ్గర కాశింబీ గొంతు, “దీపం, దీపం పట్టుకురాండి!” అని. సిగ్గుపడి తిరిగి వచ్చింది మహాతల్లి! తడిసిన చేతులతో బిడ్డను తలకిందులుగా పట్టి, నోట్లో వేలు పెట్టి తుడిచి, వీపు మీద ఒకటి వేసింది. అప్పుడు ఏడ్చింది. ఆడబిడ్డ. దేవునికే మహిమ! దేవునికే మహిమ!

ఆ ఏడుపు వెనకాలే బయట పంచలో నుంచి నా కొడుకు గొంతు వినపడింది. “అమ్మా, ఎవరికీ ఏం కాలేదు! నాకూ ఏం కాలేదు!”

జరిగింది ఇది. వాడు కట్టెల కోసం పోతే ఆ బండల చాటున సవారన్న తల్లి, చూపు ఆనని ముసలామె, ఒక్కతే గోతాము కింద కూర్చొని ఉంది. పిలిస్తే ఎవరి ఇంటికీ రానని మొండికేసిందంట, పిల్లల తొందరలో ఆమెను మళ్లీ పిలిచేది మరిచినారు. నా కొడుకు కట్టెలు వదిలేసి, ఆమె తిడతా ఉన్నా వినక భుజాన వేసుకొని మా పంచలోకి తెచ్చి కాళ్లు కింద ఆనించినాడు, అప్పుడు జారినాయి బండలు. సగం వీధి పరుచుకున్నాయి, వాటి కింద ఎవరూ లేరని వెతికి చూసుకొని వచ్చినాకే వాడు నన్ను పిలిచినాడు. పేటలోని పిల్లా జెల్లా అందరూ రెండు దినాలుగా పండుకుంటా ఉన్నది ఆ బండల చాటునే! నా మిద్దె గూడా దించి ఉంటే ఆ సాయంత్రం వాళ్లు యాడ ఉండేవాళ్లు? చెప్పండి! సవారన్న ఆ బండలను చూసి వానలోనే మోకాళ్ల మీద పడినాడు. తర్వాత ఒక్కొక్కరే మళ్లీ మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నారు, ఆ ముసలామె పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు, కాశింబీ గూడా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు ఈ సాక్ష్యం చదివే మీకు ఒక మాట చెప్తాను. భూకంపం రాలేదు గాబట్టి దీనమ్మ నమ్మింది అనుకోవద్దండి. దివిసీమలో వచ్చింది నిజమైన ఉప్పెన, ఆడ గూడా ప్రార్థన చేసిన తల్లులు ఉన్నారు, వాళ్ల బిడ్డలు పోయినారు. అది ఎందుకో నాకు తెలియదు, నాకు తెలిసినట్టు నేను మాట్లాడను. భూమి అదిరితే మిద్దె కింద నుంచి బయటికి రాండి, అందులో తప్పేమీ లేదు, తెలివి గూడా దేవుడు ఇచ్చిందే. కానీ మా మీద పడింది భూకంపం కాదు, భయం. ఉన్న కప్పు మేమే పీకేసుకున్నాము, రాని సముద్రానికి పారిపోయి పోసిన వానలో తడిసినాము, మా చేతులతో మేము నిలబెట్టిన బండలే మమ్మల్ని చంపబోయినాయి. ఆ భయం మీ ఇండ్లల్లో గూడా ఉండొచ్చు. నా మాదిరి దాన్ని బర్రె వెనకాల దాచిపెట్టి ఉండొచ్చు. దాచుకోవద్దండి! ఆయన దగ్గర చెప్పండి. వణికే చేతులతోనే చెప్పండి, వణుకు తగ్గినాక చెప్తామని ఆగవద్దండి. నా వణుకు తీసినవాడు మీది గూడా తీస్తాడు. నా ప్రభువైన యేసుక్రీస్తుకు నేను బతికినంత కాలం స్తోత్రం చెల్లిస్తాను, ఆ బిడ్డ గూడా ఇప్పుడు మందిరంలో నా పక్కన కూర్చొని చెల్లిస్తా ఉంది. నమ్మేవాళ్లు నమ్మండి, నవ్వేవాళ్లు నవ్వండి, జరిగింది మాత్రం ఇదే.

మరుసటి దినం పొద్దున్నే వాన వెలిసింది. సముద్రం రాలేదు. వీధిలో బురద, పగిలిన బండలు. సవారన్న పగలనివి ఒక పక్కకు ఏరి పెడతా ఉన్నాడు. నా కొడుకు మా మిద్దె ఎక్కి నానిన మన్ను కాళ్లతో తొక్కి సరిచేసినాడు. కాశింబీ బిడ్డకు వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, తల్లి పక్కన పండబెట్టింది. సుగుణకు సలి తగలలేదు, బిడ్డ పాలు పట్టింది. నేను బర్రె పాలు పితికి, కడవ లోపల పెట్టి, కొట్టంలో నుంచి నా చాప తెచ్చి కోడలి పక్కన దూలం కింద పరుచుకున్నాను. పండుకున్నాను. నిద్ర పట్టింది.